అరుపుకు తెలుగు రాదా?

2023లో బ్రెజిల్ అన్నదమ్ములు మ్యాక్స్, ఇగోర్ కవలేరా తమ చిన్ననాటి రికార్డులు రెండింటిని మళ్లీ మొదటి నుంచి వాయించి విడుదల చేశారు. 'బెస్టియల్ డివాస్టేషన్' 1985 నాటిది, 'మార్బిడ్ విజన్స్' 1986 నాటిది. సెపల్చురా బ్యాండ్ తొలి అడుగులవి. మొదటిది వచ్చేనాటికి మ్యాక్స్‌కు 16, ఇగోర్‌కు 15. మన లెక్కలో ఇంటర్ పిల్లలు! బ్లాక్ మెటల్ చీకటి, త్రాష్ వేగం కలిసిన సంగీతం. హాస్టల్లో పెడితే పక్క రూమోడు "ఏందిరా ఈ లొల్లి" అని తలుపు బాదుతాడు. బాదనీయండి. ఆ లొల్లి ఏ భాషలో ఉందనేదే నా ప్రశ్న.

బ్రెజిల్‌లో 1964 నుంచి 1985 దాకా సైనిక పాలన. ఆ పాలన చివరి రోజుల్లో బెలో హొరిజోంటే నగరంలో పుట్టిన ఈ బ్యాండ్, ఇంగ్లీషు సరిగా రాకపోయినా ఇంగ్లీషులోనే పాటలు రాసుకుంది. అదే కాలంలో సావో పాలో బ్యాండ్ రాటోస్ డి పొరావ్ సొంత భాష పోర్చుగీసులోనే అరిచి, 1984లో ఆల్బమ్ తెచ్చింది. సెపల్చురా కూడా చివరికి ఇంటివైపు తిరిగింది. 1996లో వచ్చిన 'రూట్స్' కోసం షవాంతే ఆదివాసుల గూడేనికి వెళ్లి వాళ్లతో కలిసి రికార్డు చేసింది, బ్రెజిల్ డోళ్లు వాడింది. దీన్ని విన్నవాడు ఇది ఏ దేశపు సంగీతమని అడగాల్సిన పని లేదు.

ఇక మన ఊరు. హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ బ్యాండ్ 2016లో, 2018లో ఈపీలు, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే పూర్తి ఆల్బమ్ తెచ్చింది. వాయింపులో ఎవరికీ తీసిపోదు. పాటలు మాత్రం ఇంగ్లీషులో. వాళ్లను తప్పుపట్టను. దేశం బయట కూడా వినాలంటే అదే దారి అనుకోవడం సహజం. కానీ హయత్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ మెట్రో దాకా బస్సులో నిలబడి వెళ్లే పిల్లగాడి కోపం ఇంగ్లీషులో పుట్టదు కదా?

"తెలుగు అజంత భాష, తియ్యటిది, అరుపుకు పనికిరాదు" అంటారు కొందరు. మన ద్విత్వాక్షరాలు విన్నారా? కొట్టు, తిట్టు, మొక్క, గొడ్డలి: ఒక్కో మాట డ్రమ్ము మీద దెబ్బ. పోర్చుగీసు మాటలూ చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి, అయినా రాటోస్ ఆగలేదు.

సాహిత్యం అడ్డొస్తుందా అంటే అదీ లేదు. 1965లో ఇదే హైదరాబాద్‌లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ కవిత్వంలోని కసికి గిటారు ఒక్కటే తక్కువ. ఇక తాళం సంగతంటారా, బోనాల్లో పోతరాజు ముందు మోగే డప్పును మించిన డ్రమ్ము ఎక్కడ దొరుకుతుంది?

ఈ సంగీతంలో వినిపించే సైతాను బొమ్మలన్నీ మనకు అక్కర్లేదు. అవి చర్చితో వాళ్లకున్న తగాదా. మనకు మన తగాదాలున్నాయి: బ్యాక్‌లాగులు, ఫీజు బకాయిలు, ప్లేస్‌మెంట్ భయం, ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉన్నా నాన్నా" అనే అబద్ధం.

అందుకే మన క్లబ్బుకు ఒక ప్రతిపాదన. వచ్చే ఫెస్టులో డీజే సమయంలోంచి పదిహేను నిమిషాలు అడుగుదాం. పాట మనం రాద్దాం. డప్పు కొట్టేవాళ్లు, గిటారు వాయించేవాళ్లు ప్రతి బ్రాంచిలో ఉన్నారు. మొదటిసారి బాగా రాకపోవచ్చు. ఆ బ్రెజిల్ పిల్లలకూ మొదటిసారి బాగా రాలేదు. అందుకేగా ముప్పై ఏడేళ్ల తర్వాత మళ్లీ వాయించారు!