వ్యూ పాయింటుకి ఒక ఊరుంటుంది

మన ఐటీ జనానికి అరకు పాతబడిపోయింది. లంబసింగి చలి చూసేశాం, వంజంగి మబ్బులూ చూసేశాం. ఇప్పుడు సీతంపేట వంతు వచ్చింది. పాలకొండ మీదుగా కొండల్లోకి వెళితే ఆడలి వ్యూ పాయింటు, మెట్టుగూడ జలపాతం, సున్నపుగెడ్డ జలపాతం. వర్షాకాలం శని, ఆదివారాలు వైజాగ్ కార్లు బాగానే కనపడుతున్నాయి. సంతోషమే. ఉత్తరాంధ్ర అంటే వెనకబాటుతనం, వలసలు తప్ప ఇంకేం లేదనుకునేవాళ్ళు ఒక్కసారైనా ఆ కొండలు చూడాలి.

నా గొడవల్లా చూసొచ్చినవాళ్ళు చెప్పే మాటతోనే. "ప్లేస్ సూపర్, కానీ అక్కడేం లేదు. గవర్నమెంటు డెవలప్ చెయ్యాలి." అక్కడేం లేదంటే ఏమిటి అర్థం? హోటల్ లేదు, ఏసీ రూమ్ లేదు, సిగ్నల్ సరిగా లేదు. సరే, ఒప్పుకుంటాను. కానీ మనుషులున్నారు కదా! మెట్టుగూడ పేరులోనే గూడ ఉంది. గూడ అంటే ఊరండీ. గెడ్డ అంటే కొండవాగు. చాలా కొండ ఊళ్ళకి ఇప్పటికీ ఊటలూ, గెడ్డలే నీటి ఆధారం. మనం షాంపూ పెట్టుకుని స్నానం చేసి, బీరు సీసాలు పగలగొట్టి వచ్చే నీళ్ళు కిందనున్న ఊరికి పోతాయి.

ఆ ఊళ్ళలో ఎక్కువగా ఉండేది సవరలు. తెలుగుకి తమిళం, కన్నడం చుట్టాలైతే సవరకి సంథాలీ, ముండారీ చుట్టాలు. అంటే మన ద్రావిడ భాషల కుటుంబమే కాదు, పూర్తిగా వేరే. 1936లో మంగై గొమాంగో అనే ఆయన ఈ భాషకి సొరా సొంపెంగ్ అని ఒక లిపి తయారుచేశాడు. 2012లో అది యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. తెలుగు ఫాంటు సరిగా కనపడకపోతే నానా గొడవా చేసే మనకి, పక్కజిల్లా భాషకి యూనికోడ్‌లో సొంత లిపి ఉందని తెలియదు.

కందులు పండితే కందికొత్తల పండగ చేసి, దేవతలకి పెట్టకుండా కొత్త పంట ముట్టరు. పోడు వ్యవసాయం, జీడి, పసుపు, చింతపండు, కొండచీపుర్లు, అన్నిటికీ మించి అనాస. కావిళ్ళలో కొండ దిగి సంతకి వచ్చిన అనాసకి రేటు చెప్పేది పండించినవాడు కాదు, కొనేవాడు. ఎందుకంటే సాయంత్రానికి అమ్మకపోతే మళ్ళీ కొండెక్కించి మోసుకుపోలేడు, నిలవ ఉంచే చోటూ లేదు. "అక్కడేం లేదు" అనే మాట వాడుకోవాల్సింది ఇక్కడ. కోల్డ్ స్టోరేజీ లేదు, పళ్ళ రసం తీసే యూనిట్లు చాలినన్ని లేవు. మనకి మాత్రం రిసార్టు లేకపోవడం కనపడుతుంది.

టూరిజం వస్తే వాళ్ళకీ ఉద్యోగాలొస్తాయి కదా అంటారు. రావచ్చు. ఏ ఉద్యోగాలు అన్నదే ప్రశ్న. రిసార్టు ఓనరు కింద నుంచి వచ్చి, కొండవాడు అక్కడ గిన్నెలు కడిగితే దాన్ని అభివృద్ధి అనాలా? ఈ కొండలకి ఈ లెక్క కొత్త కాదు. షావుకార్ల అప్పులకి భూములు పోయిన కోపమే 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక శ్రీకాకుళ పోరాటంగా మారింది. తరవాత 1970లో వచ్చిందే మనం 1/70 అని పిలిచే చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. అభివృద్ధి పేరుతో అక్కడ భూసేకరణ చేసేముందు స్థానికులని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

అంటే చట్టం ప్రకారం ముందు అడగాల్సింది ఊరిని. ఆఫీసులో ఒక బటన్ రంగు మార్చాలన్నా యూజర్‌ని అడిగారా అని మీటింగులు పెడతాం. ఇక్కడ మాత్రం యూజర్లం మనమే అనుకుంటున్నాం.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని గిడుగు రామమూర్తి గారి ఫోటో పెట్టుకుంటాం. ఆ గిడుగు పుట్టింది 1863లో, ఈ శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే. వాడుక భాష ఉద్యమానికి ముందే సవర నేర్చుకున్నాడు, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలన్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నాడు. ఆయన కూడా కింద నుంచి కొండెక్కినవాడే. కాకపోతే వెళ్ళగానే ఇక్కడేం లేదు అనలేదు.

మనమెవరం గిడుగులం కానక్కర్లేదు. నేనడిగేది చిన్న విషయాలే. వ్యూ పాయింటు టికెట్, పార్కింగ్, టిఫిన్ కొట్టు, గైడు పని, అన్నీ ఆ గూడల సంఘాలకే ఇమ్మని ఐటీడీఏని అడుగుదాం. వెళ్ళినప్పుడు కారులో చిప్స్ పేకెట్లు మోసుకుపోకుండా అక్కడి అవ్వ దగ్గర అనాస కొని, బేరమాడకుండా డబ్బులిద్దాం. ఇళ్ళనీ, మనుషులనీ ఫోటో తీసేముందు అడుగుదాం, వద్దంటే మానేద్దాం. తాగిన సీసా తిరిగి వైజాగ్ తెచ్చుకుందాం.

2022 ఏప్రిల్ నుంచి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. కొత్త జిల్లా కాబట్టి టూరిజం ప్లాన్లు చాలా వస్తాయి. అవి మన వీకెండ్ కోసం గీసినవా, ఆ ఊళ్ళ కోసం గీసినవా అన్నది మనం ఏం కావాలని అడుగుతామో దాన్నిబట్టి కూడా ఉంటుంది. ముందు రోడ్డూ, ఆసుపత్రీ, అనాసకి కోల్డ్ స్టోరేజీ. రిసార్టు సంగతి ఆ ఊరివాళ్ళు కావాలంటే తరవాత చూద్దాం.