చీపురు పట్టినోళ్లకే పాఠమా? (11వ భాగం)



పోయిన భాగం చదివి కొందరు విద్యార్థులు "అన్నా, సిద్ధాంతం సరే, మన ఊళ్ల సంగతి రాయండి" అన్నారు. రాస్తున్నా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. మూడు పట్టణాలు, ఒక పెన్‌డ్రైవ్.

మొన్న ఒక శిక్షణ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. పేరు ఎందుకులే, ఇట్లాంటివన్నీ ఒకే తీరు. ఈ మూడు పట్టణాల్లో పారిశుధ్య సిబ్బందికి "నైపుణ్యాభివృద్ధి" కింద వీడియోలు చూపిస్తారట. 14 ఉన్నాయి, అందులో 5 ఎంచి చెప్పాలి. "మీరు మనోళ్లల్ల తిరుగుతరు గదన్నా, మీరు ఓకే అంటే వాళ్లు నమ్ముతరు" అన్నాడు ఫోన్ చేసిన తమ్ముడు. నన్ను పిలిచింది ఎంచడానికి కాదు, ముద్ర కొట్టడానికి అని ఆ ఒక్క మాటతో అర్థమైంది. తమ్ముడు మన వాడే. వాడి ఉద్యోగమూ కాంట్రాక్టే. వాడి మీద కోపం లేదు.

ఒక రాత్రి జగిత్యాలలో కూర్చొని 14 వీడియోలూ చూశాను. మొదటిది ఏసీ ఆఫీసులో మొదలైంది. కోటు వేసుకున్న ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే కింద తెలుగు అక్షరాలు పరుగెత్తాయి. చదువు రాని మనిషికి ఆ అక్షరాలు ఎందుకో తీసినోళ్లకే తెలియాలి. రెండోది చిరునవ్వు గురించి. మూడోది "ఒత్తిడిని జయించడం ఎలా". ఇది సిరిసిల్లలో చూపిస్తారట. సాంచెలు ఆగిపోయి, కూలి గిట్టక నేతన్నలు ప్రాణాలు తీసుకున్న ఊళ్లో, కళ్లు మూసుకొని పదిసార్లు గాలి పీల్చుకోమని చెప్పే వీడియో! పీల్చుకుంటారు సరే, నెల తిరిగేసరికి అద్దె ఎవరు కడతారు?

ఆరో వీడియోలో వెనక నుంచి భక్తి సంగీతం. ఊరును శుభ్రం చేసే మీ చేతులు దేవుని చేతులు అంటుంది ఒక గొంతు. ఇది చూస్తుంటే నవ్వొచ్చింది. ఎందుకంటే దీని స్క్రిప్టు కొత్తది కాదు. 1936లో గాంధీ హరిజన్ పత్రికలో "ఆదర్శ భంగీ" అని ఒక వ్యాసం రాశాడు. మంచి పాకీ మనిషికి మరుగుదొడ్డి సరిగ్గా ఎట్లా కట్టాలో తెలియాలి, వాసన ఎట్లా పోగొట్టాలో తెలియాలి, మలమూత్రాలను ఎరువుగా మార్చడం తెలియాలి అని అందులో చెప్తాడు. నా లెక్కన మన దేశంలో సఫాయి సిబ్బందికి తయారైన మొదటి శిక్షణ వీడియో అదే, కెమెరా ఒక్కటే లేదు. 1945లో బాబాసాహెబ్ తన పుస్తకంలో దానికి జవాబిచ్చారు. ఈ పని ఆ మనిషి ఎంచుకున్నది కాదు, పుట్టుకతో మీద పడేసింది, అట్లాంటి పనిని గొప్పదని పొగిడి వాళ్లను అందులోనే ఉంచడం దిక్కులేని వాళ్ల మీద క్రూరమైన పరిహాసం అన్నారు. ఎనభై ఏండ్లు దాటింది. ఆ పరిహాసం ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో వస్తున్నది.

అన్నిటికంటే ఘోరం తొమ్మిదోది. సెప్టిక్ ట్యాంకు మీద. ముక్కుకు గుడ్డ కట్టుకొని, నడుముకు తాడు కట్టుకొని ఒక మనిషి దిగుతాడు. దాన్ని "ధైర్యం" అన్నారు. ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గుడ్డ ఆపదు. మోతాదు పెరిగితే దాని వాసన కూడా తెలియదు, మనిషి పడిపోయాకే తెలుస్తుంది. రక్షణ పరికరాలు ఇవ్వకుండా మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం అమల్లోకి వచ్చిన తేదీ డిసెంబర్ 6, బాబాసాహెబ్ పరినిర్వాణం రోజు. మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలు చేసింది. సఫాయి కర్మచారి ఆందోళన్, బెజవాడ విల్సన్ లాంటి వాళ్లు ఏండ్ల తరబడి చావులు లెక్కపెట్టి, కోర్టు మెట్లు ఎక్కి తెచ్చినవి ఇవి. 14 వీడియోల్లో ఒక్కదాంట్లో కూడా ఈ చట్టం పేరు లేదు. నేరాన్ని నైపుణ్యంగా నేర్పుతున్నారు.

ఒక్కడినే కూర్చొని ఎంచడం తప్పనిపించింది. మరుసటి వారం లాప్‌టాప్ పట్టుకొని కోరుట్ల పోయాను. తెల్లారి హాజరు అయ్యాక, పని మొదలు కాకముందు, ఒక షెడ్డు కింద ఇరవై మంది దాకా కూర్చున్నారు. ఆడోళ్లే ఎక్కువ. గ్లౌజుల వీడియో పెట్టాను. తెల్లటి గ్లౌజులు, గమ్ బూట్లు, పసుపు జాకెట్టు. సగంలోనే ఒక అక్క చెయ్యి లేపింది.

"తమ్మీ, గవి యాడ ఇస్తరు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తర్వాత సిగ్గేసింది. ఆమె జోక్ చెయ్యలేదు. వేసుకోవడం రాక చేతులు పుండ్లు కాలేదు ఆమెకు. ఇవ్వక అయ్యాయి. వీడియో మాత్రం ఆమెకు వేసుకోవడం నేర్పుతున్నది. రేపు ఏదైనా అయితే "శిక్షణ ఇచ్చినం, సంతకం ఉంది" అనడానికి ఒక కాగితం తయారవుతుంది. శిక్షణ అసలు లాభం అక్కడ ఉంది. బాధ్యత కాంట్రాక్టర్ జేబులోంచి తీసి మన అక్క చేతిలో పెట్టడం.

చెత్తలో సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలో చెప్పే వీడియోను మాత్రం రెండోసారి పెట్టించుకున్నారు. అది నిజంగా మంచిది, నాలుగు నిమిషాలు. పిండొద్దు, సబ్బునీళ్లతో కడగాలి, ఆలస్యం చెయ్యకుండా సర్కారు దవాఖానకు పోవాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనికిరావు. వాళ్లలో ఒక పెద్దమ్మకు మూడుసార్లు గుచ్చుకుందట. ప్రతిసారీ పసుపు పెట్టుకొని పనిలోకి పోయింది. కాబట్టి వీడియోలన్నీ చెత్త అనను. పని చేసే మనిషి ప్రాణానికి పనికొచ్చేది ఏదో వాళ్లకు క్షణంలో తెలిసింది. నాకు ఒక రాత్రంతా పట్టింది.

చివర్లో ఏం కావాలో అడిగాను. ఎవ్వరూ వ్యక్తిత్వ వికాసం అడగలేదు. పీఎఫ్ పైసలు కడుతున్నరో లేదో ఫోన్‌లో ఎట్లా చూసుకోవాలి? ఈఎస్ఐ కార్డు ఎందుకు రాలేదు? జీతంలో ఈఎస్ఐ కింద మన వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం అని చెప్తే, "మరి నాకు గంత ఎందుకు కోస్తుండ్రు?" అని లెక్కలు మొదలుపెట్టారు. ఇంకో చెల్లె మెల్లగా అడిగింది: "జవాన్ కులం పేరు పెట్టి పిలుస్తడు. ఆయనకు ఏం వీడియో లేదా అన్నా?" జవాన్ అంటే మా దగ్గర సఫాయి పని చూసే సూపర్‌వైజర్.

లేదు చెల్లె. 14లో ఆయనకు ఒక్కటి కూడా లేదు.

2018 ఏప్రిల్‌లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని స్టార్‌బక్స్ కాఫీ షాపులో స్నేహితుని కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులను పిలిచి అరెస్టు చేయించారు. గొడవైంది. మే 29 మధ్యాహ్నం ఆ కంపెనీ 8,000కు పైగా షాపులు మూసి, సుమారు 1,75,000 మంది సిబ్బందికి శిక్షణ పెట్టింది. బహిరంగ స్థలాల్లో నల్లవాళ్లకు ఎదురయ్యే అవమానం మీద స్టాన్లీ నెల్సన్ తీసిన చిన్న సినిమా చూపించింది. ఒక్క పూటతో జాతి ద్వేషం పోతుందా అని అక్కడివాళ్లే వెక్కిరించారు, అది న్యాయమే. కానీ పాఠం ఎవరికి పెట్టారో చూడండి. కాఫీ షాపులో ఎట్లా కూర్చోవాలని ఆ ఇద్దరు యువకులకు పెట్టలేదు. మన దగ్గర పెట్టేది సరిగ్గా అదే.

అమెరికా పోతే కులం పాఠం చెప్పనిస్తారని భ్రమ వద్దు. 2022 ఏప్రిల్‌లో, దళిత చరిత్ర మాసంలో, గూగుల్ సిబ్బందికి కులం మీద మాట్లాడాల్సిన తేన్మొళి సౌందరరాజన్ ప్రసంగాన్ని కొందరు ఉద్యోగుల ఫిర్యాదులతో రద్దు చేశారు. ఏర్పాటు చేసిన మేనేజర్ తనూజా గుప్తా రాజీనామా చేసి బయటకు వచ్చింది. అట్లా ఫిర్యాదు చేసే పెద్దమనుషులు మన జిల్లా ఆఫీసుల్లో లేరా? 2017 జులైలో సిరిసిల్ల పక్కన నేరెళ్లను మరిచిపోయారా? ఇసుక లారీల కేసులో పట్టుకుపోయిన వాళ్లలో ఎక్కువమంది దళితులు. చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పింది దేశమంతా విన్నది, మీరా కుమార్ వచ్చి పరామర్శించారు. ఎవరికి శిక్షణ కావాలో ఇంకా చెప్పాలా?

తమ్మునికి నా జాబితా పంపాను. పెన్‌డ్రైవ్ నుంచి సూది వీడియో ఒక్కటే ఉంచాను. రెండోది పీఎఫ్, ఈఎస్ఐ మీద, మన భాషలో, మనమే తీసి ఇస్తామన్నాను. మూడోది 2013 చట్టం మీద. నాలుగోది పని చోట లైంగిక వేధింపుల చట్టం. సిబ్బందికి దాని మీద అవగాహన కల్పించడం యజమాని విధి అని 2013లో వచ్చిన ఆ చట్టంలోనే 19వ సెక్షన్ చెప్తుంది, మనం అడుక్కునేది కాదు. అయిదోది జవాన్లు, కాంట్రాక్టర్లు, ఆఫీసర్లకు: దివ్యభారతి తీసిన "కక్కూస్". 2017 నాటి తమిళ డాక్యుమెంటరీ. మన అక్కలకు అది చూపించొద్దని స్పష్టంగా రాశాను. వాళ్ల బతుకు వాళ్లకు తెరమీద చూపించి ఏడిపించడం శిక్షణ కాదు. చూడాల్సింది పై కుర్చీల వాళ్లు, తలుపులు మూసి, చివరిదాకా.

అరగంటలో ఫోన్. "అన్నా, హక్కుల వీడియోలు పెడితే వీళ్లు సమ్మె చేస్తరంటుండ్రు మా సార్లు."

ఆ భయం ఈ నేలకు కొత్త కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో కూలీలు, రైతులు వేల మంది జైత్రయాత్ర తీశారు. వెట్టి చెయ్యం అన్నారు. అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వాళ్లకు ఎవరు వీడియో చూపించారు? చూపించకపోతే సమ్మె ఉండదు అనుకునే సార్లకు ఈ జిల్లా చరిత్ర మీద ఒక శిక్షణ పెట్టాలి. ఆరో వీడియోగా అది కూడా చేర్చుకొమ్మన్నాను. తమ్ముడు నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఇప్పటిదాకా జవాబు లేదు.

జవాబు వచ్చేదాకా ఆగను. ఆదివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల పోతున్నా, లాప్‌టాప్, చిన్న స్పీకర్ పట్టుకొని. పీఎఫ్ వీడియోకు గొంతు కావాలి. ఆడగొంతు అయితే మేలు, మన కరీంనగర్ యాసలో, పుస్తకాల తెలుగు వద్దు. కోరుట్ల, మెట్‌పల్లి కాలేజీల చెల్లెళ్లు ఎవరైనా నాలుగు నిమిషాలు చదివి పంపగలిగితే చెప్పండి. స్క్రిప్టు ముందు కోరుట్ల షెడ్డు కింద వినిపిస్తాను. ఆ అక్క చెయ్యి లేపిన చోటల్లా మారుస్తాను.