టీ ఎవరు పెడతారు?

కిందటి ఏడాది ఒక సమావేశానికి కూనూరు వెళ్లినప్పుడు అరకిలో ఆకు టీ కొన్నాను. మనం రోజూ వాడే పొడి కాదు, మెలితిరిగిన పెద్ద ఆకులు. ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ పాలూ నీళ్లూ పంచదారా కలిపి గిన్నెలో పోసి, ఈ ఆకు గుప్పెడు వేసి తెగ మరగబెట్టాను. ఒకటే వగరు, చేదు. ఎవరూ నోట్లో పెట్టుకోలేకపోయారు. "నీకు టీ పెట్టడం కూడా రాదా?" అన్నారు ఇంట్లో. నవ్వుతూనే అన్నారు. ముప్ఫై ఏళ్లుగా రోజుకి ఐదుసార్లు టీ పెడుతున్న మనిషిని ఆ మాట అనడానికి ఒక్క పూట చాలింది.

ఆకు టీని పొయ్యి మీద మరగబెట్టకూడదని తర్వాత తెలుసుకున్నాను. నీళ్లు తెర్లాక దించి, కప్పుకి ఒక చెంచా ఆకు వేసి, మూతపెట్టి మూడు నాలుగు నిమిషాలు వదిలెయ్యాలి. తర్వాత వడకట్టుకోవాలి. ఎక్కువసేపు ఉంచితే వగరెక్కుతుంది. పాలు కావలసినవాళ్లు విడిగా కలుపుకోవచ్చు. మనం వాడే పొడి సంగతి వేరు. ఆకుని యంత్రంలో నలిపి, చించి, గుళికలుగా చుట్టే సి.టి.సి. పద్ధతి 1930లలో అస్సాంలో మొదలైంది. ఆ గుళిక త్వరగా రంగు దిగుతుంది, పాలు పోసినా రుచి నిలుస్తుంది, ధర కూడా తక్కువ. అందుకే మన ఇళ్లలో టీ అంటే అదే అయింది.

అయితే నాకు ఈ రెండు పద్ధతుల మధ్య అసలు తేడా రుచిలో కనిపించలేదు. పాల టీకి ఒక మనిషి పొయ్యి దగ్గర కాపలా ఉండాలి. కాస్త పక్కకి తిరిగితే పొంగిపోతుంది. వడకట్టి, మామగారికి పంచదార లేకుండా, పెద్దవాడికి స్ట్రాంగ్‌గా, ఇంకొకరికి అల్లం వేసి, అందరికీ చేతికి అందించి, చల్లారిన తన కప్పు తను తాగాలి. ఆకు టీకి ఇదంతా అక్కర్లేదు. కెటిల్ తెచ్చి బల్ల మీద పెడితే ఎవరికి కావలసినంత వాళ్లు పోసుకోవచ్చు. ఇదేదో బాగుందనుకుని ఒక ఆదివారం అలాగే పెట్టాను. అందరూ వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎవరూ కెటిల్ ముట్టుకోలేదు. నేను వచ్చి పోసేదాకా పేపరు చదువుకుంటూ ఎదురు చూశారు. పద్ధతి మారినంత మాత్రాన పని చేసే చెయ్యి మారదని ఆ రోజు అర్థమైంది.

ఐదుసార్లు టీ అంటే, సారికి పదిహేను నిమిషాల చొప్పున రోజుకి గంటా పావు. ఏడాదికి సుమారు 456 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా లెక్కేస్తే 57 రోజులు. ఇది నా ఒక్కదాని లెక్క. దేశం మొత్తం మీద కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు ఆ పనికి ఖర్చు పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు.

"ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లకి ఒక కేసు గుర్తు చేస్తాను. 2013 డిసెంబరులో మహారాష్ట్రలోని పండరీపురంలో ఒక భార్య టీ పెట్టకుండా బయటికి వెళ్లబోయింది. భర్త సుత్తితో తల మీద కొట్టాడు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లకుండా నెత్తురు కడిగి, ఆమెకి స్నానం చేయించాడు. ఆ ఆలస్యం ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. చిన్నపిల్ల అయిన కూతురు చూసింది చూసినట్టు కోర్టులో చెప్పింది. టీ పెట్టనని భార్యే రెచ్చగొట్టిందని భర్త తరఫున వాదించారు. 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి రేవతీ మోహితే డేరే ఆ వాదనను కొట్టేసి, పదేళ్ల శిక్షను ఖాయం చేశారు. భార్య భర్త ఆస్తి కాదనీ, టీ పెట్టకపోవడం రెచ్చగొట్టడం కాదనీ ఒక హైకోర్టు 2021లో తీర్పు రాయాల్సి వచ్చింది!

అది మహారాష్ట్ర కదా అని తప్పుకోలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, భర్త భార్యను కొట్టడం ఏ కారణాలకి సబబని ఏడు కారణాలు చదివి అడిగింది. వంట సరిగా చేయకపోవడం వాటిలో ఒకటి. కనీసం ఒక కారణానికైనా కొట్టవచ్చన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 80 మందికి పైనే. స్త్రీలే! ఆ మాట వాళ్ల నోట పలికించిన భయం ఎన్ని తరాలదో మనకి తెలుసు.

ప్రేమతో చేస్తే తప్పేమిటని అడుగుతారు. తప్పేమీ లేదు. కానీ "ఇవాళ నేను పెట్టను" అనే వీలు లేనిచోట ఏది ప్రేమో ఏది చాకిరీయో ఎలా తేలుతుంది?

ఇప్పుడు మన సంగతి. ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం ఒకామె బిడ్డని ఎత్తుకుని, వాచిన ముఖంతో మా ఆఫీసుకి వచ్చింది. అక్కడే ఉంచుకున్నాం. మూడో రోజు ఆమె విషయం తేల్చడానికి పదకొండు మందిమి కూర్చున్నాం. ఎవరూ చెప్పకుండానే ఆమె అందరికీ టీ పెట్టి పళ్లెంలో తెచ్చింది. "టీ చాలా బాగుందమ్మా" అన్నాం. ఆమె ఖాళీ కప్పులు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. మేము చర్చించి, భర్తని కౌన్సెలింగ్‌కి పిలిపించాలని నిర్ణయించాం. మినిట్స్ రాశాం. నిర్ణయం చెప్పినప్పుడు ఆమె అంది: "నన్ను లోపలికి పిలుస్తారేమోనని తలుపు పక్కనే నిలబడ్డానక్కా. నాకు కేసు పెట్టాలనుంది."

ఆమె ఇచ్చిన టీ తాగుతూ, ఆమె లేకుండా ఆమె బతుకుని తీర్మానించాం. మర్నాడు ఆమెతో కలిసి మళ్లీ కూర్చున్నాం. ఫిర్యాదు ఇచ్చాం. ఆ రోజు టీ నేను పెట్టాను.

టీ గొడవ మధ్యతరగతి ఇళ్లదేననుకుంటే అదీ పొరపాటే. రెండాకులూ ఒక మొగ్గా తుంచే చేతులు ఎక్కువగా స్త్రీలవే. 2015 సెప్టెంబరులో మున్నారులో, బోనస్‌ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గిస్తే, వేలమంది తోటకూలీ స్త్రీలు రోడ్డు మీద బైఠాయించారు. వాళ్లలో ఎక్కువమంది తమిళ దళితులు. మగ నాయకులున్న యూనియన్లను దగ్గరికి రానివ్వలేదు. పెంబిళై ఒరుమై, అంటే స్త్రీల ఐక్యత, అని తమకి తామే పేరు పెట్టుకున్నారు. ఎక్స్‌గ్రేషియాతో కలిపి 20 శాతం సాధించారు. 232 రూపాయల రోజుకూలిని 500 చెయ్యమంటే తర్వాత 301 చేశారు. వాళ్లు గెలవడానికి మొదటి కారణం, తమ గురించి జరిగే చర్చలో తామే కూర్చుంటామని పట్టుబట్టడం.

అందుకని మన సంఘాల్లో ఒక చిన్న నియమం పెట్టుకుందామంటాను. సమావేశంలో టీ వంతులవారీగా పెట్టాలి. అధ్యక్షురాలికైనా, వచ్చిన మగ మిత్రులకైనా వంతు తప్పకూడదు. టీ పెట్టడానికి లేచిన మనిషి తిరిగొచ్చేదాకా ఏ నిర్ణయమూ జరగకూడదు. సాయం కోసం వచ్చిన స్త్రీ చేత ఆ పని చేయించకూడదు. ఆమె చోటు చర్చలోనే.

ఇంటి సంగతా? కెటిల్ ఇప్పటికీ బల్ల మీదే పెడుతున్నాను. పొయ్యడం మానేశాను. మొదటి వారం టీ రెండుసార్లు చల్లారిపోయింది. మా చిన్నవాడు ఇప్పుడు ఆకు కొలిచి, గడియారం చూసి వడకడుతున్నాడు. మావారు మాత్రం తన కప్పు ఒక్కటే పోసుకుంటారు. అక్కడితో ఇంకా పోట్లాట నడుస్తోంది.