శివారుకు నీరందాలి: చిన్న లినక్సు, నెట్‌వర్కు కార్డులు

తెలుగు లినక్సు గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. అనువాదాలు, ఖతులు, కీబోర్డు అమరికల మీద జరిగినంత చర్చ నెట్‌వర్కు కార్డుల మీద జరగలేదు. ఖతి భాషకు సంబంధించిన సంగతి, కార్డు యంత్రానికి సంబంధించినది అనుకోవడమే ఇందుకు కారణం కావచ్చు. కానీ ఒక చిన్న లినక్సు పంపిణీని తయారుచేసేవారు ఏ కార్డులను ఆదరించాలో నిర్ణయించిన క్షణానే, ఆ పంపిణీని ఎవరు వాడగలరో కూడా తేలిపోతుంది. అందువల్ల ఈ ఎంపిక కేవలం నిపుణులకు వదిలివేయదగినది కాదని నా అభిప్రాయం.

2005లో, అప్పట్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ అన్న పేరుతో ఉన్న సంస్థ ‘స్వేచ్ఛ’ అనే తెలుగు నిర్వహణ వ్యవస్థను విడుదల చేసింది. మెనూలు తెలుగులో కనబడటం ఆనాడు పండుగే. అయితే మెనూ చదవగలిగినవాడు ఆ తరువాత చేసే పని అంతర్జాలంలోకి వెళ్ళడం. అక్కడ తలుపు మూసి ఉంటే ఎంత మంచి తెలుగైనా గుమ్మంలోనే నిలబడిపోతుంది.

ఆ తలుపుకు ఒక విచిత్రమైన గడియ ఉంది. చాలా వైర్‌లెస్ కార్డులు పనిచేయాలంటే డ్రైవరు ఒక్కటే చాలదు, తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ కూడా కావాలి. అది డిస్కులో లేకపోతే జాలం నుంచి దింపుకోవాలి. జాలంలోకి వెళ్ళాలంటే ఆ కార్డు పనిచేయాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు.

అన్నీ ఇచ్చేస్తే సరిపోదా అంటే, చిన్న పంపిణీకి అది సాధ్యం కాదు. డ్రైవర్లు ఒక్కొక్కటి కిలోబైట్ల లెక్కే గాని, ఫర్మ్‌వేర్లన్నీ కలిపితే వందల మెగాబైట్లు అవుతాయి. అంతకంటే పెద్ద బరువు పరీక్షించడం. జాబితాలో పేరుండి పనిచేయని కార్డు, జాబితాలో లేని కార్డుకన్నా ఎక్కువ అపకారం చేస్తుంది. డామ్ స్మాల్ లినక్సు 50 మెగాబైట్ల గిరి గీసుకొని, పాత యంత్రాల కోసం 2008లోనూ 2.4 వరుస కెర్నెల్‌నే వాడింది. పాత యంత్రాలకు ప్రాణం పోసింది, నిజమే. కొత్త వైర్‌లెస్ కార్డులు చాలావాటికి మాత్రం అందులో దారి దొరకలేదు. చిన్నదనానికి మూల్యం ఎవరో ఒకరు చెల్లిస్తారు. ఎవరు చెల్లించాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు మా కృష్ణా డెల్టాలో ఒక పాత కొలత ఉంది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. కానీ కాలువ మంచి చెడ్డలు ఆనకట్ట దగ్గర తెలియవు, శివారు పొలంలో తెలుస్తాయి. దివిసీమకు కాలువ నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా కృష్ణ పాయను దాటి వెళుతుంది. కాలువ నిండా నీళ్ళున్నా ఆ దాటింపు లేకపోతే అవతలి పొలానికి చుక్క అందదు. కెర్నెల్ కాలువ అయితే డ్రైవరు ఆ అక్విడక్టు. కాబట్టి కార్డుల జాబితాను పైనుంచి కాక శివారునుంచి వ్రాసుకుంటూ రావాలి.

అలా చూస్తే మొదటి పేరు కార్డే కాదు, ఫోను తీగ. నాగాయలంక, కోడూరు వైపు ఎన్నో ఇళ్ళలో జాలం ఉన్నది ఫోనులోనే. ఆండ్రాయిడ్ ఫోనును తీగతో తగిలించి టెదరింగ్ నొక్కితే, కంప్యూటరుకు అది ఒక నెట్‌వర్కు కార్డుగానే కనిపిస్తుంది. ఇందుకు కావలసిన ఆర్ఎన్‌డీఐఎస్, సీడీసీ డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉన్నాయి, కంప్యూటరు వైపు విడిగా ఫర్మ్‌వేర్ అక్కరలేదు. భద్రత దృష్ట్యా ఆర్ఎన్‌డీఐఎస్ డ్రైవర్లను నిలిపివేయాలని 2022లో కెర్నెల్ సంరక్షకుడు గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ప్రతిపాదించారు. అపరిచిత పరికరాన్ని తగిలించేవారికి ఆ భయం సమంజసమే. తన ఫోను తాను తగిలించుకునేవానికి మాత్రం అదే దారి కావచ్చు. పైగా గడియ తీసే తాళంచెవి కూడా ఇదే. మిగిలిన ఫర్మ్‌వేర్లను ఈ తీగమీదుగా దింపుకోవచ్చు.

రెండవ స్థానం తీగ కార్డులది. బందరులో ఒక రోల్డుగోల్డు దుకాణపు లెక్కల కంప్యూటరును ఊహించుకోండి. పదేళ్ళో పదిహేనేళ్ళో దాటినది, మూల పెట్టడానికి మనసొప్పనిది. ఇటువంటివాటిలో తరచు కనబడేవి రియల్‌టెక్, ఇంటెల్ చిప్పులు. పాత 8139, ఆ తరువాతి 8169 కుటుంబం, ఇంటెల్ ఈ1000 వరుసలు ఉంటే చాలామందికి పని జరిగిపోతుంది.

మూడవది వైర్‌లెస్. గుడివాడలో చదువుకునే పిల్లవాడి చేతిలో ఉన్నది ల్యాప్‌టాప్, ఇంట్లో ఉన్నది వైఫై. ఏథరోస్ 9కే వరుస పీసీఐ కార్డులకు ఫర్మ్‌వేరే అక్కరలేదు, వాటిని తప్పక ఉంచాలి. ఇంటెల్, రియల్‌టెక్ వైర్‌లెస్ చిప్పులలో బాగా వాడుకలో ఉన్నవి కొన్నింటినే ఎంచుకొని, వాటి ఫర్మ్‌వేర్ డిస్కులోనే ఇవ్వాలి. జాబితాలో వ్రాయవలసినది చిప్పు పేరు, పెట్టె మీది పేరు కాదు. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ మొదటి కూర్పులో ఏథరోస్ చిప్పు ఉండేది, తరువాతి కూర్పులలో రియల్‌టెక్ వచ్చింది. పెట్టె పేరు నమ్మి కొన్నవాడు ఏమి చేస్తాడు? దత్తాంశ కేంద్రాలలో వాడే అతివేగపు కార్డులను నిస్సంకోచంగా వదిలివేయవచ్చు. అవి కొనగలవారికి పెద్ద పంపిణీలు ఉన్నాయి.

మూలం బయటపెట్టని ఫర్మ్‌వేర్‌ను స్వేచ్ఛా సాఫ్టువేరులో కలపడం ధర్మమేనా అన్న ఆక్షేపణను నేను తేలికగా తీసుకోను. అది ఒకసారి లోపలికి వస్తే తయారీదారుని అడిగే గొంతు తగ్గుతుంది. 2013లో ఏథరోస్ యూఎస్‌బీ చిప్పుల ఫర్మ్‌వేర్ మూలం బయటకు వచ్చింది కనుక, అడగడం వృథా అనీ అనలేము. అయినా డెబియన్ వారు 2022లో ఓటు వేసుకొని, 2023 జూన్‌లో వచ్చిన 12వ కూర్పు నుంచి అధికారిక ప్రతిష్ఠాపన డిస్కులో అటువంటి ఫర్మ్‌వేర్‌ను చేర్చారు. విడి విభాగంగా ఉంచారు, వద్దనుకునేవారికి వద్దనే వీలు కల్పించారు. నాకు ఆ పద్ధతే సబబుగా తోస్తుంది. దేనికి మూలం లేదో తెలుగులో స్పష్టంగా చెప్పి, అడిగి, అప్పుడు వేయాలి. స్వేచ్ఛ అంటే ఏమిటో కోడూరు పాఠకుడు చదువుకోవాలన్నా అతడి యంత్రం ముందు జాలంలోకి రావాలి కదా!

పాతిక చిప్పులు చాలు. ప్రతిదాన్నీ నిజమైన యంత్రంలో పెట్టి చూడాలి, చూసిన తేదీతో సహా జాబితా అందరికీ కనబడాలి. ఆ పాతికలో మొదటిది మాత్రం శివారు ఇంట్లో ఉన్నదే కావాలి.