బేతెస్ద దగ్గర వచనం ఎవరు తీసేశారు?



ఫోన్లలో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. కొత్త బైబిళ్ళలో వచనాలు తీసేస్తున్నారు, ఇది సాతాను పని, జాగ్రత్త అని. రుజువుగా యోహాను సువార్త 5వ అధ్యాయము చూపిస్తారు. కొన్ని ఇంగ్లీషు బైబిళ్ళలో అక్కడ 3వ వచనం తర్వాత ఏకంగా 5వ వచనం వస్తుంది. నర్సింగు చదివే ఒక అమ్మాయి తన ఫోనులో బైబిలు తెరిచి చూసుకుని, "నిజమేనండి అయ్యగారూ, లేదు. ఎవరు తీసేశారు? ఇంకా ఏమేం తీసేశారు?" అని అడిగింది. ఆ రెండో ప్రశ్నలోనే అసలు భయం ఉంది. ఒక్క వచనం పోతే మిగతా గ్రంథాన్ని ఎలా నమ్మాలి?

ఆస్పత్రిలో ఉన్నవారికి ఆ అధ్యాయము బాగా దగ్గరిది. యెరూషలేములో బేతెస్ద అనే కోనేరు, దానికి అయిదు మంటపాలు, వాటి నిండా రోగులు. వారిలో ఒకడు 38 ఏళ్ళుగా వ్యాధితో ఉన్నవాడు. ఇప్పుడు తగవులో ఉన్న మాట ఏమిటంటే, దేవదూత అప్పుడప్పుడు దిగి నీళ్ళు కదిలిస్తాడనీ, ఆ తర్వాత ముందుగా దిగినవారికి ఏ రోగమైనా పోతుందనీ. మన పాత తెలుగు బైబిలులో ఆ మాట ఉంది. చిన్నప్పటి నుండి అలాగే చదివినవారికి అది లేకపోతే కథలో ముక్క ఊడినట్లే ఉంటుంది.

అయితే మనకు దొరికిన అతి పాత ప్రతులలో ఆ మాట లేదు. సాధారణంగా క్రీ.శ. 200 ప్రాంతానిదని ఎంచే పపైరసు ప్రతి ఒకటి ఈజిప్టులో దొరికింది, అందులో లేదు. 4వ శతాబ్దపు పెద్ద ప్రతులు రెండు, సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి, వాటిలోనూ లేదు. 5వ శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతికి వచ్చేసరికి కనిపిస్తుంది. ఇంకా తర్వాతి ప్రతులు కొన్నింటిలో లేఖకులే ఆ మాట పక్కన నక్షత్రం గుర్తులు పెట్టారు, ఇది అనుమానం అన్నట్లు. అంటే ఈ సంగతి ఈనాటివారు పుట్టించినది కాదు.

కేసు షీటు సంగతి తీసుకోండి. డాక్టరుగారు రాసినదాని అంచున ఎవరో అర్థమయ్యేందుకు ఒక ముక్క రాస్తారు. తర్వాత నకలు తీసినవారు అది కూడా డాక్టరుగారి మాటే అనుకుని లోపలికి ఎక్కిస్తారు. ఎవరూ మోసం చేయలేదు. నకలు ఒక్కటే ఉంటే ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. పది నకళ్ళు పక్కపక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది. 7వ వచనంలో ఆ రోగి నీళ్ళు కదలడం గురించి మాట్లాడతాడు, ఎందుకు కదులుతాయో మాత్రం అక్కడ లేదు. దాన్ని వివరించబోయి ఎవరో అంచున రాసినదే లోపలికి వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. క్రొత్త నిబంధనకు, చిన్న తునకలతో కలిపి, 5,000కు పైగా గ్రీకు వ్రాతప్రతులు ఉన్నాయి. వాటి మధ్య తేడాలు లెక్కలేనన్ని. ఎక్కువ భాగం అక్షర దోషాలు, మాటల వరుస మారడం. పెద్ద భాగాలు రెండే, మార్కు సువార్త చివరి 12 వచనాలు, యోహాను 8వ అధ్యాయములో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ వృత్తాంతము. ఎక్కడ అనుమానం ఉందో మనకు తెలుసు కాబట్టే, మిగతాచోట నమ్మకంగా చదవగలం.

ఇలాంటివి సామాన్య విశ్వాసులకు చెప్పకపోవడమే మేలని కొందరు పెద్దలంటారు. నేను ఒప్పుకోను. మనం చెప్పకపోతే ఫోను చెబుతుంది, అదీ వంకరగా చెబుతుంది. పైగా మన వైపు నుండి వెళ్ళే కథలు కూడా తక్కువేమీ కావు. నాసా కంప్యూటర్లు యెహోషువ కాలపు తప్పిపోయిన దినమును కనుగొన్నాయన్న కథ ఏళ్ళ తరబడి ప్రసంగాలలో వినిపించింది. అలాంటిదేమీ జరగలేదని నాసావారే చెప్పారు. ఆపరేషనుకు ముందు రాత్రి భయంతో ఉన్న మనిషికి ధైర్యం చెప్పాలని అటువంటి కథ చెబితే, రేపు ఆయన కొడుకు నిజం తెలుసుకున్నప్పుడు నాసా కథతోపాటు సువార్తను కూడా పక్కన పెట్టేస్తాడు.

నిజమైన సాక్ష్యం ఉండగా అబద్ధం ఎందుకు? అదే కోనేరు చూడండి. అయిదు మంటపాలున్న కోనేరు ఎక్కడా ఉండదు, ఇది మోషే అయిదు గ్రంథాలకు గుర్తుగా అల్లినదని ఒకప్పుడు కొందరు పండితులన్నారు. 19వ శతాబ్దంలో మొదలై 20వ శతాబ్దం మధ్యలోనూ సాగిన తవ్వకాలలో, యెరూషలేము పాత పట్టణంలో సెయింట్ ఆన్ చర్చి పక్కన జంట కోనేళ్ళు బయటపడ్డాయి. నాలుగు వైపులా నాలుగు, రెండింటి నడుమ గోడ మీద ఒకటి, కలిపి అయిదు మంటపాలని వివరిస్తారు. రోమీయులు క్రీ.శ. 70లో ఆ పట్టణాన్ని నేలమట్టం చేశారు. అంతకు ముందున్న యెరూషలేమును ఎరిగినవారి మాట ఈ సువార్తలో ఉందనడానికి ఇది బలమైన ఆధారమే.

కాని ఆ రాళ్ళు అక్కడితో ఆగిపోతాయి. ఆ రోగి లేచి నడిచాడా అన్నది తవ్వకాలు చెప్పలేవు. నకలు సరిగా ఉన్నంత మాత్రాన అందులోని సంగతి నిజమని తేలిపోదు. దానికి సాక్షులను తూచాలి. పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక రాసింది సిలువ తర్వాత ఇంచుమించు 25 ఏళ్ళలోపే. తిరిగి లేచిన ప్రభువును చూసినవారు 500 మందికి పైగా ఉన్నారనీ, వారిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారనీ 15వ అధ్యాయములో రాశాడు. అనుమానమున్నవారు వెళ్ళి అడిగే వీలుండగా రాసిన మాట అది. నా మట్టుకు నాకు విశ్వాసం నిలిచేది అక్కడ. నాలుగో వచనం ఉన్నా లేకపోయినా దానికి కదలిక లేదు.

మరో మాట. ఈ వచనం పట్టుకుని, మొదట దిగినవారికే స్వస్థత కాబట్టి ఫలానా కూటానికి ముందు చేరాలని, షుగరు మాత్రలు, టీబీ మాత్రలు మధ్యలో ఆపి బయలుదేరేవారున్నారు. ఆ అధ్యాయములో యేసు ఆ రోగిని నీళ్ళలోకి దించనేలేదు. పోటీలో అతడు ఎప్పటికీ వెనుకే, దించేవారు కూడా లేరు. కూటానికి వెళ్ళండి, మాత్రలు సంచిలో పెట్టుకుని వేళకు వేసుకోండి.

ఫోనులో ఇంగ్లీషు బైబిలు ఉన్నవారు ఆ పేజీ అడుగున చిన్న అక్షరాలు ఒకసారి చూడండి. తీసేశారన్న వచనం చాలా బైబిళ్ళలో అక్కడే ఉంటుంది, ఏ ప్రతులలో ఉందో కూడా రాసి.