రజాయి కొనాలా, కుట్టించుకోవాలా?

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ప్రక్కనే ఉన్న చిన్న బస్తీ జియా సరాయ్. సరాయి అంటే బాటసారులు విడిది చేసే సత్రం. ఆ పేరు నేటికీ సార్థకంగానే ఉన్నది. ఇంజనీరింగ్ సర్వీసుకో, గేట్ పరీక్షకో, నెట్ పరీక్షకో చదువుకోవడానికి దేశం నలుమూలల నుండి వచ్చే యువకులు ఇక్కడి ఇరుకు గదులలో ఏడాదో రెండేళ్ళో తలదాచుకుని వెళ్ళిపోతారు. వారిలో తెలుగువారూ ఉంటారు.

ఒంగోలు నుండి ఆషాఢంలో వచ్చిన విద్యార్థిని ఒకరిని ఊహించుకుందాం. పెట్టెలో పుస్తకాలు, ఆవకాయ సీసా, అమ్మ పాత చీరలు మడతలు వేసి కుట్టిన బొంత ఉంటాయి. దసరా దాకా ఫంకా క్రిందనే నిద్ర. దీపావళి వెళ్ళగానే బొంత బయటికి వస్తుంది. డిసెంబరు మూడవ వారానికి ఆ బొంత చాలదని తేలిపోతుంది. కోస్తాలో జనవరి రాత్రి పలుచని దుప్పటితో గడిచిపోతుంది. ఢిల్లీలో అదే నెలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 4, 5 డిగ్రీలకు దిగే రాత్రులు ఉంటాయి. 1935 జనవరిలో సున్నాకంటే క్రిందికి కూడా దిగింది. గేట్ పరీక్ష వచ్చేది ఫిబ్రవరిలో. సరిగ్గా చదువు ముమ్మరంగా సాగవలసిన రోజులలోనే చలి ముమ్మరిస్తుంది. నిద్ర చెడితే చదువు చెడుతుంది. కాబట్టి రజాయి కొనడం అతనికి చిన్న విషయం కాదు. నెల ఖర్చులో గణనీయమైన భాగం దానికే పోతుంది.

అప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది: దుకాణంలో సిద్ధంగా ఉన్న రజాయి కొనడమా? లేక గలీబు, దూది, దారం విడివిడిగా కొని ఎదుట కుట్టించుకోవడమా?

వెచ్చదనం ఎక్కడినుండి వస్తుంది?

రజాయి వేడిని పుట్టించదు. మన ఒంటి వేడిని బయటికి పోనీయదు, అంతే. ఆ పని చేసేది నిజానికి దూది కాదు, దూది పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా నిలిచిన గాలి. అందువల్లనే బరువైన రజాయి అంతా వెచ్చనిది కాదు. అణగిపోయి గడ్డకట్టిన నాలుగు కిలోల దూదికంటే, బాగా ఏకి పొంగించిన రెండున్నర కిలోల దూది మేలు. జైపూరు రజాయిలకు పేరు రావడంలోని రహస్యం ఇదే. వాటిలో దూది తక్కువ, ఏకడంలో శ్రమ ఎక్కువ.

సిద్ధమైన రజాయి

దీని మొదటి సుగుణం తీరిక లేనివారికి తెలుస్తుంది. సాయంత్రం కొంటే ఆ రాత్రికే కప్పుకోవచ్చు. పాలియెస్టర్ పీచు నింపినదైతే తేలికగా ఉంటుంది, ఉతకవచ్చు, త్వరగా ఆరుతుంది. ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు చుట్టి రైలులో వేసుకోవచ్చు.

లోపం ఏమిటంటే, లోపల ఏమున్నదో కనిపించదు. నాలుగు ప్రక్కలా కుట్టేసిన సంచిలో మంచి దూది ఉన్నదో, మిల్లులలో మిగిలిన తుక్కు ఉన్నదో, ఎవరో వాడి పారేసిన పాత దూది ఉన్నదో పైపూల అద్దకం చెప్పదు. కుట్లు ఎడంగా వేసి ఉంటే నెల తిరగకుండా దూదంతా కాళ్ళ దగ్గరికి చేరి, గుండెల మీద రెండు గుడ్డలే మిగులుతాయి. పాలియెస్టర్‌కు మరొక కొరత ఉన్నది. అది చెమటను పీల్చదు. కొందరికి తెల్లవారుజామున ఉక్కగా, జిడ్డుగా అనిపిస్తుంది.

కుట్టించుకున్న రజాయి

చలి మొదలయ్యే రోజులలో ఢిల్లీ బజారులలో దూది దుకాణాలు మేల్కొంటాయి. దూది తూకం వేసి ఇస్తారు, యంత్రంలో ఏకుతారు, గలీబులో పరచి పొడవాటి సూదితో కుట్లు వేస్తారు. ఈ వృత్తి తెలుగువారికి కొత్తదేమీ కాదు. మన ఊళ్ళలో దూదేకులవారు వింటినారిని మీటుతూ దూదిని మబ్బుతునకలుగా ఎగరవేయడం చూసిన పెద్దలు నేటికీ ఉన్నారు. అయితే మన ఇళ్ళలో పరుపులకూ దిండ్లకూ వాడే బూరుగుదూది వేరు. రజాయికి కావలసినది పత్తి. అందులోనూ పొట్టి పింజ దేశవాళీ పత్తి శ్రేష్ఠం. దాని పోగు ముతక, బిరుసు. నూలు వడకడానికి అంతగా పనికిరాని ఆ గుణమే ఇక్కడ మేలు చేస్తుంది, త్వరగా అణగిపోదు.

కుట్టించుకోవడంలోని లాభం స్పష్టమే. దూది కంటికి కనబడుతుంది, తూకం మన ఎదుటే జరుగుతుంది, గలీబు మన ఇష్టం. అన్నిటికంటే పెద్ద లాభం, రెండు మూడు చలికాలాల తరువాత విప్పి అదే దూదిని మళ్ళీ ఏకించవచ్చు. సిద్ధంగా కొన్న పాలియెస్టర్ రజాయి ఒకసారి అణగిపోతే దానికి ఈ పునర్జన్మ లేదు.

నష్టాలూ ఉన్నాయి. ఒక పూట చదువు పోతుంది. భాష రానివాడు, బేరం తెలియనివాడు మోసపోవచ్చు. మొదటిసారి కుట్టించుకునేవారు భయంకొద్దీ అవసరానికి మించి దూది నింపించి, దాని క్రింద కదలలేక అవస్థపడతారు. ఒక్కరికి రెండున్నర, మూడు కిలోలు చాలు. పైగా దూది రజాయిని ఉతకరాదు, ఎండబెట్టాలి. జియా సరాయ్ వంటి చోట ఇళ్ళు ఒకదానినొకటి రాసుకుని ఉంటాయి. క్రింది అంతస్తులకు ఎండ పొడ తగలదు. మిద్దె మీదికి మోసుకుపోయే వీలు లేకపోతే దూది చెమ్మ పీల్చి గడ్డకడుతుంది.

సగం దారి

ఈ ప్రశ్న ఢిల్లీకే పరిమితం కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన మేరీ వెబ్‌స్టర్ అనే గృహిణి బొంతల చరిత్ర మీద 1915లో పుస్తకం ప్రచురించి, 1921లో స్నేహితురాళ్ళతో కలిసి ఒక సంస్థ ప్రారంభించింది. కొలతల కాగితం మాత్రమే కావాలన్నా, గుడ్డతో కూడిన కిట్ కావాలన్నా, పూర్తిగా కుట్టిన బొంతే కావాలన్నా ఆ సంస్థ అమ్మేది. ఆ కిట్లను మెచ్చుకునేవారు నేటికీ చెప్పేది ఒకటే: కొలత తప్పదు, రంగులు కుదురుతాయి, గుడ్డ వృథా కాదు. నచ్చనివారు చెప్పేదీ ఒకటే: ధర ఎక్కువ, పైగా పదిమంది ఇళ్ళలో ఒకే బొంత కనబడుతుంది. ఎంపిక చేసే శ్రమను ఇతరులకు అప్పగిస్తే, ఎంపిక చేసే హక్కు కూడా దానితోపాటే వెళ్ళిపోతుందని వారి వాదం. మన తల్లులు కుట్టే బొంతకు ఈ చిక్కు లేదు. ఇంట్లో మిగిలిన చీరలే దానికి కొలత, రంగు.

కొనేముందు చూడవలసినవి

ఏ దారి ఎంచుకున్నా కొన్ని పరీక్షలు ఉన్నాయి. రజాయిని వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటే దూది పలచబడిన చోట్లు తెలుస్తాయి. గుప్పిట నొక్కి వదిలితే వెంటనే పొంగాలి. తడితే దుమ్ము రాలకూడదు. కుట్లు జానెడుకంటే దగ్గరగా ఉండాలి. గలీబు గుడ్డ దట్టంగా నేసినదై ఉండాలి, లేకపోతే పీచు బయటికి వస్తుంది. దూదో కాదో అనుమానం ఉంటే నాలుగు పోగులు తీసి, రజాయికి దూరంగా వెలిగించి చూడాలి. పత్తి కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. దూది రజాయికి పైన మరొక ఉతుకుడు గలీబు తొడిగితే మురికి సమస్య చాలావరకు తీరుతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. రజాయి చాలడం లేదని తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉత్తరాదిన ఇటువంటి దుర్మరణాల వార్తలు చలికాలంలో తరచు వస్తూనే ఉంటాయి. డబ్బు చాలకపోతే ఉన్న బొంతను రజాయి క్రింద వేసుకోవడం మేలు. రెండు పొరల మధ్య గాలి కూడా ఒక పొరే.

తేల్చి చెప్పాలంటే, ఒక్క చలికాలం ఉండి వెళ్ళిపోయేవారికీ, ఎండ రాని గదిలో ఉండేవారికీ తేలికైన సిద్ధ రజాయి చాలు. రెండు మూడేళ్ళు ఉండేవారికీ, మిద్దె అందుబాటులో ఉన్నవారికీ కుట్టించుకున్నదే లాభం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవారు అంటారు. ఢిల్లీలో మాత్రం హోలీ దాకా రజాయిని మడిచి పెట్టడానికి తొందరపడనక్కరలేదు. ఆ తరువాత రెండు రోజులు మంచి ఎండలో వేసి, మరుసటి ఏడు ఆ గదిలోకి రాబోయే కుర్రవానికి అప్పగించి వెళ్ళినా, దూది ఏకించుకుంటే అతనికీ పనికివస్తుంది.