తర్జుమా జరిగిన ఊరు

పటాన్‌చెరులో ఉండేవాళ్లకి సాఫ్ హవా ఎంత కీమతీ చీజో వేరే చెప్పాలా? రాత్రి ఫ్యాక్టరీలు ఏం వదిలాయో పొద్దున ముక్కే చెబుతుంది. అందుకే ఈసారి సెలవుల్లో హార్సిలీ హిల్స్‌లో కాటేజీ తీసుకున్నాం. నాలుగు వేల అడుగుల ఎత్తు. కడప కలెక్టర్ హార్సిలీ దొర ఎండకు తాళలేక ఇక్కడ బంగళా కట్టుకున్నాడు. అంతకు ముందు దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ.

సుకూన్‌కి కమీ లేదు. గదిలో మెనూ కార్డుంది, వైఫై పాస్‌వర్డుంది. కొండ కింద మదనపల్లెలో ఏం జరిగిందో చెప్పే కాగితం ముక్క మాత్రం లేదు.

1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో మెహమాన్‌గా ఉన్నారు. పిల్లలకు జనగణమన పాడి వినిపించారు. అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాశారు. బెంగాలీ పాట, ఐరిష్ దంపతులు, తెలుగు ఊరు!

నేను ఉర్దూ మీడియం వాడిని. మా ఉస్తాద్ ఆ పాటను బోర్డు మీద ఉర్దూ హరఫుల్లో రాస్తే బట్టీ పట్టాం. మతలబ్ ఎవరూ చెప్పలేదు. డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు గానీ మొత్తం పాట కంటపడలేదు. జాతీయగీతంగా మనం పాడేది మొదటి చరణమే. రెండో చరణంలో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులతో పాటు ముసల్మాన్ పేరు కూడా ఉంది. సినిమా హాల్లో ఈ పాట వస్తే ముందు మా వైపే చూసి, లేచామా లేదా అని లెక్కేసుకునే సాహెబులకు ఆ సంగతి తెలుసా?

నా రాయ్ ఒకటే. కాటేజీకి వేలు వసూలు చేసేవాళ్లు గదికో పేజీ పెట్టొచ్చు. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఆ పాట పూర్తి తర్జుమా, ఎక్కడ జరిగిందో రెండు ముక్కలు. ఖర్చు ఒక చాయ్ అంత కూడా కాదు. సాఫ్ హవాతో పాటు జనం అది కూడా ఇంటికి పట్టుకెళ్తారు.

తిరుగు ప్రయాణంలో మదనపల్లెలో ఆటో ఎక్కాం. ఆటోవాలా మాట్లాడింది అచ్చం మా దక్కనీయే. కాలేజీ దగ్గర దిగి, ఫోన్‌లో తర్జుమా చూసి బేటీకి ఉర్దూలో చెబుతున్నా. రెండో చరణం వచ్చేసరికి ఇంజన్ ఆపేసి వింటున్నాడు. "ఔర్ ఏక్ బార్ బోలో భాయ్" అన్నాడు.